పసుపు పూసిన కార్డుల కట్ట

మా పక్కింటి అమ్మాయి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంది. ఇంట్లో కూర్చునే చేస్తుంది కాబట్టి ఆ పిల్ల విసుగంతా గోడ ఇవతలకి వినపడుతుంది. మొన్న సాయంత్రం మా వరండాలో కూలబడి, "తాతగారూ, బయటి లైబ్రరీ ఒకటి నా ప్రాజెక్టులో కలవట్లేదండి. పొద్దున్నుంచీ చంపుకు తింటోంది" అంది. ఎవరో రాసిపెట్టిన ప్రోగ్రామును మన ప్రోగ్రాముకు జోడించి వాడుకోవడాన్ని వీళ్ళు లైబ్రరీ కలపడం అంటారు. "పొద్దున్నుంచే కదమ్మా" అన్నా. వెటకారం చేస్తున్నాననుకుని మూతి ముడుచుకుని వెళ్ళిపోయింది. వెటకారమే మరి. అరవైల చివర జగ్గయ్యపేటలో నేను కలిపిన లైబ్రరీ సంగతి తెలిస్తే ఆ పిల్ల నా కాఫీ కూడా తనే పెట్టి ఇచ్చేది. అందుకని ఆమె కోసం, ఆమెలాంటి వాళ్ళందరి కోసం ఇది రాస్తున్నా.

అప్పుడు నేను పెద్ద కాలువ ఆఫీసులో జూనియర్ ఇంజనీర్ని. సొంతూరు నందిగామ, ఉద్యోగం పేటలో. పెద్ద కాలువ నుంచి వత్సవాయి వైపు ఒక పిల్లకాలువ తీయాలి. దానికి కాగితం మీద రెండు గీతలున్నాయి. కింది గీతన పోతే లెక్క సులువు, తవ్వకం సులువు, కానీ అటువైపు మెట్ట ఊరొకటి మొత్తం గట్టు మీద ఉండిపోతుంది. పై గీతన పోతే ఆ ఊరికి నీళ్ళందుతాయి. కాకపోతే పై గీతలో వాలు మరీ తక్కువ. అంత తక్కువ వాలులో నీళ్ళు ఆ ఊరి దాకా ఏ మట్టానికి చేరతాయో లెక్క కట్టి చూపిస్తే తప్ప పై గీతను ఎవరూ ఒప్పుకోరు.

ఆ ఊరి పెద్ద రైతొకాయన సంతకి వచ్చినప్పుడల్లా ఆఫీసుకి వచ్చేవాడు. తలపాగా తీసి మోకాలి మీద పెట్టుకుని నా బల్ల పక్కనే కూర్చునేవాడు. నాది నందిగామని తెలిసిన రోజు నుంచీ నన్ను అబ్బాయ్ అనే పిలిచేవాడు.

"ఏం అబ్బాయ్, మా చేలకి నీళ్ళు ఎక్కుతయ్యా?"

"లెక్క తేలాలండి."

"మా నాయన బావి తవ్వాడు, రాయి పడ్డది. నేను తవ్వా, రాయే పడ్డది. ఇంక మా వాడి చేతికి గడ్డపార ఇవ్వబుద్ధి కావట్లేదు. ఆ లెక్కేదో తొందరగా తేల్చు నాయనా."

ఈ మాట ప్రతి సంతకీ వినేవాణ్ణి. మొదట్లో జాలేసేది, తర్వాత చిరాకేసేది, ఆ తర్వాత ఆయన రాని వారం నాకే తోచేది కాదు. లెక్క తొందరగా తేల్చడం నా చేతుల్లో ఉంటేగా? స్లైడు రూలు, అంటే లెక్కల బద్ద, పట్టుకుని ఆ లెక్క చేస్తే నెలలు పడుతుంది. ఒక చోట మట్టం ఊహించాలి, లెక్క చూడాలి, తప్పని తేలాలి, మళ్ళీ ఊహించాలి. ఇలా కాలువ పొడుగునా. పైగా దసరా వెళ్ళాక పై ఆఫీసులో మీటింగు. ఆ మీటింగుకి పై గీత లెక్క చేతిలో లేకపోతే కింది గీతే ఖాయమని మా ఈఈ గారు, అంటే మా ఆఫీసు పెద్ద, ముందే చెప్పేశారు.

ఆయనే ఒక ఉపాయం కూడా చెప్పారు. హైదరాబాదులో ఒక సంస్థవాళ్ళు కంప్యూటర్ తెప్పించారట, బయటి ఆఫీసుల లెక్కలు కూడా చేసిపెడుతున్నారట. ఎవరో ఒకరు వెళ్ళి నేర్చుకు రావాలి. ఆఫీసులో పెళ్ళి కానివాణ్ణి నేనొక్కణ్ణే. నా ప్రతిభ చూసి పంపారని మా అమ్మ నందిగామంతా చెప్పుకుంది, నేనూ కాదనలేదు.

ప్రోగ్రాం అంటే అప్పట్లో తెర మీద కనిపించేది కాదు. అట్ట కార్డులు. ఒక్కో వాక్యానికి ఒక్కో కార్డు, అందులోని మాటలకు తగ్గట్టు చిల్లులు. ఆ కార్డులన్నీ వరసగా పేర్చి మిషను నోట్లో పెడితే ఒక్కోటీ చదువుకుంటూ పోతుంది. నా ప్రోగ్రాం నేను రాసా. కానీ ఊహించి, సరిచూసి, మళ్ళీ ఊహించే ఆ చిక్కు లెక్క ఉంది చూశారూ, అది రాయడం నా తరం కాలేదు. కంప్యూటర్ గదికి పెద్దాయన ఒకాయన ఉండేవాడు, ఎండాకాలంలో కూడా స్వెటరు వేసుకుని తిరిగేవాడు. ఆయన నా అవస్థ చూసి, "అది మీరు రాయక్కర్లేదు. ఎవరో ఎప్పుడో రాసిపెట్టారు, మా దగ్గరుంది. మీ కార్డుల వెనకాల కలుపుకోండి" అని ఒక కట్టకి నకలు తీసి ఇచ్చాడు.

అదీ నా లైబ్రరీ. మీదొక మీట, నాదొక కట్ట. అంతే తేడా.

ఆ కట్టలో పెద్ద చిక్కొకటి ఉంది. నా కార్డుల మీద చిల్లులతో పాటు పైన అక్షరాలు కూడా పడతాయి, చెడితే చదువుకుని మళ్ళీ పొడుచుకోవచ్చు. అరువు కట్ట మీద అక్షరమనేదే లేదు, మిషను భాషలో వట్టి చిల్లులు. చెడితే బాగుచేసుకునే దారి లేదు. ఎరువు సొమ్ము బరువు చేటని మా నాయనమ్మ ఊరికే అనేది కాదు. మిషను దగ్గర కూర్చుని ఆలోచిస్తామంటే వాళ్ళు ఊరుకోరు కాబట్టి నా కార్డులూ, అరువు కార్డులూ, కొలతల కార్డులూ అన్నీ ఒక రేకు డబ్బాలో పెట్టుకుని పేటకి తెచ్చుకున్నా. వరసలో పేర్చి, ఒకటికి పదిసార్లు సరిచూసి, ఎక్కడన్నా తారుమారైతే కంటికి తెలియాలని కట్ట అంచు మీద ఏటవాలుగా ఎర్ర పెన్సిలుతో ఒక గీత గీసా. హైదరాబాదులో అందరూ అలాగే గీసుకునేవాళ్ళు.

దసరా వెళ్ళిన మర్నాటి తర్వాత రోజున మాకు మిషను ఇస్తామన్నారు. ఒకే ఒక్క పూట.

పండక్కి నందిగామ వెళుతూ డబ్బాని ఆఫీసు బీరువాలో పెట్టా. తాళాలు మా హెడ్ క్లర్కు గారి దగ్గరుంటాయి. ఆయన గురించి చెప్పాలి. నిండు మనిషి. నుదుటన బొట్టు లేకుండా ఆయన్ని ఎవరూ చూసి ఉండరు. ఆఫీసులో ఎవరికి జ్వరమొచ్చినా ఈయనింట్లోంచి చారు కారియరు వచ్చేది. అలాంటి మనిషితో నేను వెళుతూ వెళుతూ అన్న మాట ఇదీ.

"హెడ్డు గారూ, మన ఆఫీసులో ఉన్నవాటన్నిటిలోకీ ఇది ముఖ్యమండి. దీని మీదే ఆ ఊరి నీళ్ళు ఆధారపడి ఉన్నయ్యి. కాస్త చూసుకోండి."

"మీరు నిశ్చింతగా వెళ్ళిరండి సార్. కళ్ళలో పెట్టుకుంటా" అన్నాడాయన.

పండగయ్యాక పొద్దున్నే బస్సెక్కి పేటలో దిగా. డబ్బా తీసుకుని వెంటనే హైదరాబాదు బస్సెక్కాలి. ఆఫీసు వాకిట్లో పగలగొట్టిన గుమ్మడికాయ, కుంకుమ నీళ్ళలో నిమ్మకాయలు. ఆయుధ పూజ బ్రహ్మాండంగా చేసినట్టున్నారే అనుకుంటూ లోపలికి వెళ్ళా. మట్టాలు చూసే లెవెలుకి బొట్టు, కొలత గొలుసుకి బొట్టు, టైపు మిషనుకి బొట్టు, గోడ గడియారానికి దండ. బీరువా తలుపు తీయగానే అగరొత్తుల వాసన గుప్పుమంది. 

డబ్బా మూత తీసా. కట్ట పైకార్డు మీద అరచేతి మందాన పసుపు, మధ్యలో కుంకుమ. కట్ట నాలుగు అంచులకీ తడి పసుపు పూసి ఉంది, మూలమూలకీ బొట్లు. చుట్టూ పసుపుతాడు. తాడులో బంతిపువ్వు. పసుపు తడి లోపలిదాకా దిగి కార్డులు అట్టు కట్టుకుపోయాయి. ఎండిన చోట అంచులు వంకర్లు తిరిగి ఉన్నాయి.

హెడ్డు గారు నవ్వుతూ వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"బల్ల మీద నట్టనడుమ దీన్నే పెట్టించా సార్. లెవెలూ గట్రా అటూ ఇటూ. ముఖ్యమన్నారుగా."

 నా నోట ఏ మాట వచ్చిందో ఇక్కడ రాయను. కొంతసేపటికి, "అసలు డబ్బా ఎందుకు తెరిచారండీ? డబ్బాకి పెట్టుకోవచ్చుగా బొట్టు?" అన్నా.

"మీరే మొదలుపెట్టారు కదా సార్" అన్నాడాయన, పాపం నిజంగానే తెలియక. ఎర్ర పెన్సిలు గీత చూపించాడు. "మీరు తొందరలో ఒక్క గీత పెట్టి వెళ్ళిపోయారనుకున్నా. సగంలో వదిలేస్తే అరిష్టం కదా, నేను పూర్తి చేసా."

తల పట్టుకుని కుర్చీలో కూలబడ్డా. కార్డులు చెడితే ఏమవుతుందో, అరువు కట్ట సంగతేమిటో ఆయనకు అప్పుడు చెప్పా. చెబుతుంటే ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. అంతా విని, "ఆ రైతుకి నేనేం ముఖం చూపించను? నేనూ వస్తా, పదండి" అని ఇంటికి కూడా కబురు పెట్టకుండా సంచి భుజాన వేసుకుని, డబ్బా చంకన పెట్టుకుని బస్టాండుకి నడిచాడు.

బస్సులో డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కోదాడ దాటినా నేను కిటికీ వైపే తిరిగి కూర్చున్నా. సూర్యాపేటలో బస్సాగినప్పుడు సంచిలోంచి పులిహోర పొట్లం తీసి విప్పి నా ముందు పెట్టాడు. అమ్మవారి ప్రసాదమట. అంటే ఆ పూజలో మిగిలిందే. వద్దనాలనుకున్నా. కానీ ఆకలి ముందు కోపం ఎంతసేపు నిలుస్తుంది? తిన్నా. బాగుంది కూడా, అదింకా ఒళ్ళు మండించింది.

మర్నాడు కంప్యూటర్ గదికి వెళ్ళాం. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళాలి, లోపల ఎముకలు కొరికే చలి. స్వెటరు పెద్దాయన డబ్బా మూత తీశాడు, వాసన చూశాడు, మూత పెట్టేశాడు.

"ఇదేంటండీ, కార్డులా, పేరంటమా?"

హెడ్డు గారు తల దించుకున్నాడు. నేనే ఏదో నసిగా.

"ఇది మిషన్లో పెడితే ఇరుక్కుని కూర్చుంటుంది. ఇంక ఇవాళ్టికి ఎవరి పనీ జరగదు. తీసుకెళ్ళండి" అన్నాడాయన.

అంతా అయిపోయిందనుకుని తలెత్తి చూద్దును కదా, ఎదురుగా ఆ మహా మిషను ముఖాన రూపాయంత కుంకుమ బొట్టు. దాని మీద వాడిపోయిన బంతిపూల దండ. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"మరి అదేంటండీ? మీరు పెడితే పూజ, మేం పెడితే పేరంటమా?"

పెద్దాయన వెనక్కి తిరిగి మిషనును చూశాడు. ఏ మాత్రం తొణకలేదు. "మేం బయట పెట్టాం. లోపల పెట్టలేదు" అన్నాడు.

 దానికి హెడ్డు గారే జవాబు చెప్పాడు. ఆయన చేతులు కట్టుకుని, "అయ్యా, అట్ట ముక్కలకి కూడా లోపలంటూ ఉంటుందని నాకేం తెలుసండి? తప్పు నాది, ఈ అబ్బాయిది కాదు. అక్కడ ఒకాయన తండ్రి బావి తవ్వితే రాయి పడ్డది, ఆయన తవ్వితే రాయి పడ్డది. నా చేతి పసుపు వల్ల ఆ ఇంట్లో మూడోవాడు కూడా రాయే తవ్వాలంటే నేను అన్నం తినలేను" అన్నాడు. 

పెద్దాయన కాసేపు స్వెటరు గుండీలు సవరించుకున్నాడు. తర్వాత బీరువా తీసి అరువు కట్టకి ఇంకో నకలు తీయించి ఇచ్చాడు. "దీనికి ఏ పూజా చేయకండి" అన్నాడు. నేను చిల్లులు పొడిచే మిషను ముందు కూర్చుని, పసుపు గోకుతూ అక్షరాలు చదువుకుంటూ నా కార్డులు మళ్ళీ పొడుచుకున్నా. కొలతల కార్డులు డబ్బా అడుగున విడిగా కట్టి ఉండబట్టి చాలావరకు బతికిపోయాయి. ఇదంతా అయ్యేసరికి మా పూటలో సగం పైన హరించుకుపోయింది.

కార్డులు మిషను నోట్లో పెట్టాం. గడగడా చదివింది. చివరికి కాగితం వచ్చింది. నేను చూసేలోపే హెడ్డు గారు చూసి, ఆ ఊరి పక్కన ఉన్న అంకె మీద వేలు పెట్టి, "ఇది చేల మట్టం కంటే పైన ఉన్నట్టేనా సార్?" అన్నాడు. పైనే ఉంది. చాలా పైన ఉంది. ఆయన కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు. అమ్మవారు పూజ అందుకుందన్నాడు.

నాకూ గుండె ఉబ్బింది. ఒక్క నిమిషమే. కాగితం మొదటి నుంచీ చదివితే కాలువ ముందుకు పోయేకొద్దీ నీటి మట్టం పెరుగుతోంది. నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు అంటారు. ఇక్కడ నీరు మెట్ట ఎరుగుతోంది.

"ఇది తప్పండి" అన్నా.

"వచ్చిందిగా సార్. మిషనే చెబుతోందిగా. వదిలేయండి" అన్నాడు హెడ్డు గారు బతిమాలుతూ.

నిజం చెప్పొద్దూ, వదిలేయాలనే అనిపించింది. ఆ కాగితం తీసుకెళితే మీటింగులో పై గీత ఖాయం. కాలువ తవ్వుతారు, నీళ్ళు వదులుతారు, నీళ్ళు రావు. అప్పుడు ఆ రైతు వచ్చి నా బల్ల పక్కన కూర్చుంటాడు. అది తలుచుకుని పెద్దాయన దగ్గరకు పరిగెత్తా. ఆయన కాగితం చూసి, కట్ట చూసి, నాలిక కరుచుకున్నాడు.

"పండగ ముందు మా వాళ్ళు దీన్ని కొంచెం బాగుచేశారండి. ఇదివరకు ముందు నీటి లోతు, తర్వాత కాలువ అడుగు మట్టం ఇవ్వాలి. ఇప్పుడు అడుగు మట్టమే ముందు ఇవ్వాలి."

"ఆ ముక్క ముందు చెప్పొద్దుటండీ?"

"అడిగితే చెప్పేవాణ్ణి."

విన్నారుగా. పనిచేస్తున్నదాన్ని బాగుచేసి, ఆ సంగతి వాడుకునేవాడికి చెప్పకపోవడం మీ కాలంలో పుట్టిన రోగం కాదు. మా పక్కింటి అమ్మాయి అవస్థ కూడా అదేనట, తర్వాత తెలిసింది.

రెండు మాటలు అటూ ఇటూ మార్చి ఒక్క కార్డు కొత్తగా పొడిచా. తొందరలో మొదటిసారి తప్పు పొడిచా, రెండోసారి కుదిరింది. తర్వాత పూటవాళ్ళు అప్పటికే తలుపు దగ్గర కార్డుల డబ్బాలతో నిలబడి గొణుగుతున్నారు. వాళ్ళ గొణుగుడు మధ్యనే మా కట్ట మళ్ళీ మిషన్లోకి వెళ్ళింది. ఈసారి కాగితం నేనే ముందు లాక్కున్నా. నీళ్ళు బుద్ధిగా పల్లానికే పోతున్నాయి. ఆ ఊరి దగ్గర మట్టం చేల కంటే పైనే ఉంది. జానెడు పైన. హెడ్డు గారికి జానెడని చెబితే ఆయన ముఖం చిన్నబోయింది, ఇందాక అంతుంటే ఇప్పుడింతేనా అని. ఇది నిజం జానెడండీ అన్నా.

మీటింగులో ఈఈ గారు ఆ జానెడు కోసం గొంతు పోయేలా వాదించారట. పై గీత ఒప్పుకున్నారు.

సర్కారు పనులు కదా, కాలువ తవ్వి నీళ్ళు వదిలేసరికి ఏళ్ళు పట్టింది. అప్పటికి నాకు పెళ్ళై, బదిలీల మీద బదిలీలై, మళ్ళీ తిరిగి తిరిగి పేటకే వచ్చి పడ్డా. హెడ్డు గారు రిటైరయ్యారు. తూము తలుపు ఎత్తే రోజున ఆ ఊరివాళ్ళు ఆయన్ని బండి కట్టి తీసుకొచ్చారు. మెళ్ళో దండ, నుదుటన బొట్టు, మనిషి కాస్త వంగాడు. ఊరంతా ఒకటే మాట, హెడ్డు గారు హైదరాబాదు మిషనుకి పూజ చేసి నీళ్ళు ఎక్కించాడని. ఆయన కాదు కాదంటూనే ఉన్నాడు, ఎవరు వింటారు? పెద్ద రైతు ముసలివాడయ్యాడు. కొడుకు చెయ్యి పట్టుకుని గట్టు మీద నిలబడి, నీళ్ళు తూములోంచి చేలోకి దిగడం చూశాడు. తర్వాత నన్ను చూసి గుర్తుపట్టి, పక్కవాళ్ళతో గర్వంగా చెప్పాడు.

"ఈ అబ్బాయి కూడా ఆ పూజప్పుడు ఉన్నాడు."

"లేనండి, నేను నందిగామలో ఉన్నా" అందామని నోటిదాకా వచ్చింది. ఆయన అప్పటికే వంగి, కొడుకుతో పాటు దోసిలితో ఆ నీళ్ళు తీసుకుని మొహం కడుక్కుంటున్నాడు. ఊరుకున్నా.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి అటక మీంచి రేకు డబ్బా దించా. పాడైన కట్ట అందులోనే ఉంది, పారేయబుద్ధి కాలేదు. పసుపు రంగు వెలిసిపోయింది, వాసన ఇంకా ఉంది. అరువు కార్డు ఒకటి తీసి దీపానికి ఎదురుగా పట్టుకుని చూశా. చిల్లుల్లోంచి వెలుతురు. అది రాసినవాడెవడో నాకు తెలియదు. స్వెటరు పెద్దాయన్ని ఒకసారి అడిగితే, ఎక్కడినుంచో వచ్చింది, మాకూ తెలియదన్నాడు. ఏ ఊళ్ళో కూర్చుని రాశాడో, పేట ఎక్కడుందో కూడా తెలిసుండదు. ఊరివాళ్ళు నా పేరు చెప్పలేదని నేను పొద్దున్నుంచీ లోలోపల ఉడుకుతున్నానే కానీ, అతని పేరు చెప్పేవాడు లోకంలో ఒక్కడూ లేడు. అతని లెక్క మీదుగా ఇవాళ నీళ్ళు చేలోకి దిగాయి.

మా ఆవిణ్ణి కుంకుమ భరిణె అడిగా. ఎందుకని వింతగా చూసింది. వేలితో కాస్త తీసి బొట్టు పెట్టా. డబ్బా మూత మీద, బయటే.